వీపుల ఆల్బమ్

మార్చి 4, మంగళవారం

ఈ పుస్తకం స్టూడియోలో పాస్‌పోర్ట్ ఫోటోలకి వచ్చేవాళ్ళ పేర్లు రాయడానికి కొన్నది. ఇప్పుడు వాళ్ళూ రావడం లేదు, అందరి చేతుల్లోనూ ఫోన్లే. ఖాళీగా పడి ఉంది కదా అని తీశాను. నేను రాసే మనిషిని కాదు. ఈ ఇంట్లో రాత పనంతా టీచర్‌ది. నేను తీసిన ప్రతి ఫోటో వెనకా తేదీ వేసేది ఆవిడే.

ఆదివారం పొద్దున్న టీచర్ పడిపోయింది. పక్క దులుపుతూ దుప్పటి రెండో కొస నాకు అందించబోయి, అందించకుండానే కూలబడింది. మూతి ఒక పక్కకి లాగేసింది. కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి. మాట లేదు. పక్షవాతం అన్నారు. త్వరగా తెచ్చారు కాబట్టి ప్రాణానికి భయం లేదన్నారు. నేనే ఆవిడ తమ్ముడికి ఫోన్ చేశాను. మధ్యాహ్నానికల్లా బస్సెక్కి వచ్చాడు.

వార్డులో చేర్చేటప్పుడు కౌంటర్ దగ్గర ఏవేవో అడిగారు. ఏదో చెప్పాను. ఆ హడావిడిలో ఎవరికి గుర్తుంటుంది?

మార్చి 5, బుధవారం

లోపలికి పంపలేదు.

మార్చి 7, శుక్రవారం

గేటు దగ్గర మనిషి నన్ను చూడగానే చెయ్యి అడ్డం పెట్టాడు.

"బంధువులైతే ఎప్పుడైనా వెళ్ళచ్చమ్మా. ఓనర్లు సాయంత్రం అయిదింటికి రావాలి, పావుగంట."

"నేను ఓనర్నని నీకెవరు చెప్పారు?"

"ఫారంలో అలాగే ఉందమ్మా. నాకేం తెలుసు?"

అవును, నేను చెప్పిందే. ఇంటి ఓనర్ని అని చెప్పాను. అబద్ధమేం కాదు, ఇల్లు నా పేరు మీదే ఉంది. ముప్ఫై ఒక్క ఏళ్ళుగా వీధి వీధంతటికీ చెబుతున్న మాటే అది. అసలు ఆ మాట పుట్టించింది టీచరే. కింది వాటాలో ఓనరు, పై వాటాలో టెనెంటు. గుమ్మానికి రెండు కాలింగ్ బెల్లులు. ఏడాదికోసారి అద్దె కాగితం రాసుకుని, ఇద్దరం సంతకాలు పెట్టి, ఆ సాయంత్రం మంచి బట్టలు కట్టుకుని బయట భోంచేసి వచ్చేవాళ్ళం. మొన్న నవంబర్లో కూడా వెళ్ళాం.

అయిదింటికి వెళ్ళాను. టీచర్ మరదలు స్టూలు మీద కూర్చుని ఉంది. మంచి మనిషే, లేచి కూర్చోమంది. ఓనర్లు కూర్చుంటే బాగుండదని నిలబడే ఉన్నాను. "ఎలా ఉన్నారు టీచర్?" అన్నాను. బయటివాళ్ళ ముందు మేం ఎప్పుడూ 'మీరు' అనే అనుకుంటాం. టీచర్ పైకప్పు కేసి చూస్తోంది. మెడ తిప్పలేకపోతోందేమో. ఆ జబ్బులో ఒక పక్కకి చూపు తిరగదట, ఎక్కడో విన్నాను.

ఇంటికి వచ్చేసరికి లైబ్రరీ అమ్మాయి ఫోన్. నెలాఖరుకి ఎగ్జిబిషన్. ముప్ఫై నాలుగేళ్ళుగా నేను మేడ మీద తీసిన ఫోటోలు. మేడ అంటే టైలర్ షాపు పైన గది. మగవాళ్ళని ప్రేమించే మగవాళ్ళు, ఆడవాళ్ళని ప్రేమించే ఆడవాళ్ళు, మగపిల్లాడిగా పుట్టి ఆడదానిగా బతుకుతున్నవాళ్ళు, అటూ ఇటూ తేల్చుకోనివాళ్ళు, ఆదివారం మధ్యాహ్నం అక్కడ చేరి టీ తాగి, పోట్లాడుకుని, చీకటి పడకముందే విడివిడిగా మెట్లు దిగి వెళ్ళిపోయేవాళ్ళు. నేను ఫోటోలు తీసేదాన్ని. అంతే.

"మేడమ్, అన్నీ వీపులే ఉన్నాయేంటి?" అంది ఆ అమ్మాయి.

మూడో ఏడు నేను తీసిన ఫోటో ఒకటి బాగా వచ్చిందన్న పొగరు కొద్దీ స్టూడియో ముందున్న అద్దాల షోకేసులో పెట్టాను. బ్యాంకు గుమాస్తా, ఆయన స్నేహితుడు, ఒకరి భుజం మీద ఒకరు తల వాల్చి. వారంలో గుమాస్తా ఉద్యోగం పోయింది. ఇల్లు ఖాళీ చేసి ఎటు వెళ్ళాడో ఈ రోజు దాకా తెలియదు. అప్పటికి టీచర్ మేడకి రావడం కొత్త. ఆవిడే నియమం పెట్టింది. అందర్నీ వెనక నుంచే తీయాలి. ఎవరైనా ముచ్చటపడితే ముఖం తీయచ్చు, కానీ ఒక్కటే ప్రింటు. దాన్నీ నెగటివ్‌నీ కవర్లో పెట్టి, మూత అంటించి, అంటించిన చోట వాళ్ళ చేతే సంతకం చేయించి, స్టూడియో బీరువాలో పెట్టాలి. వాళ్ళు తెరవమంటే తప్ప తెరవకూడదు. నేనైనా సరే.

రెండు వందల ఆరు కవర్లు ఉన్నాయి. ఎవరెవరు తెరవమంటారో అడగాలి. ఈ పని టీచర్ చేయాల్సింది.

మార్చి 9, ఆదివారం

కవర్లు రెండు సంచుల్లో వేసుకుని మేడకి వెళ్ళాను. టైలర్‌కి డెబ్బై రెండు. మెట్లెక్కలేక ఇప్పుడు సగం ఆదివారాలు కింద షాపులోనే జరుగుతున్నాయి.

మహారాణి వచ్చింది. బ్యూటీ పార్లర్ నడుపుతుంది, పేరు తనే పెట్టుకుంది. తన కవరు మీద తన పాత సంతకం, తండ్రి పెట్టిన పేరుతో ఉన్నది చూసి మొహం చిట్లించి, దాని మీదుగానే చింపింది. లోపల ఇరవై రెండేళ్ళ మహారాణి. టైలర్ మొదటిసారి కుట్టిచ్చిన పూల గౌను, ఎవరివో అరువు కమ్మలు, భయంతో బిగబట్టిన ఊపిరి.

"ఓసి నా తల్లో! ఎంత సన్నగా ఉన్నానే!" అంది. తర్వాత నా వైపు తిరిగి, "ఎంత పెద్దది కుదిరితే అంత పెద్దది పెట్టు అక్కా. నన్ను తప్పించుకుని ఒక్కడు కూడా తలుపు దాటకూడదు."

సాయంత్రానికి పదకొండు మంది తెరిచారు. ఒకాయన మనవరాలిని వెంటబెట్టుకుని వచ్చాడు. మనవరాలే చింపింది కవరు. ఇంకొకావిడ కవరు చేతిలో పట్టుకుని గంటసేపు కూర్చుని, "ఇంకో ఏడు ఉంచమ్మా" అని తిరిగి ఇచ్చేసింది. సరేనన్నాను. దానికి బతిమాలకూడదు.

పోయినవాళ్ళ కవర్లు ముప్ఫై ఎనిమిది. అందులో పదకొండు ఎయిడ్స్ తిరిగిన రెండేళ్ళలోనివే. అప్పుడు కూడా ఆస్పత్రిలో ఇలాగే, సొంతవాళ్ళే లోపలికి అన్నారు. ఆ సొంతవాళ్ళు రాలేదు. వాళ్ళ కవర్లు ఏం చేద్దామంటే టైలర్ చెయ్యి ఊపాడు. "తెరవద్దు. మనల్ని నమ్మి పోయారు."

అందరూ వెళ్ళాక గుడ్డ మీద సుద్ద గీస్తూ అడిగాడు. "ఏమే ఫోటో, ఫారంలో ఏం రాయించావే?"

చెప్పాను. సుద్ద కింద పెట్టేశాడు.

"శకునం చెప్పే బల్లి కుడితిలో పడిందట. ఊళ్ళో వాళ్ళందర్నీ ముఖాలు చూపించమని సంచులేసుకుని తిరుగుతున్నావు."

"ఎగ్జిబిషన్ వేరు, ఆస్పత్రి వేరు."

"వేరే మరి. ఎగ్జిబిషన్‌లో చూసేది పరాయివాళ్ళు."

"నీకేం, నువ్వు పెళ్ళాం పిల్లలూ లేకుండా హాయిగా ఉన్నావు."

"నువ్వు మొగుడూ పిల్లలతో ఉన్నావా?"

సంచులు తీసుకుని వచ్చేశాను.

మార్చి 10, సోమవారం

టైలర్‌కి వయసు మీద పడింది. నోరు అదుపులో ఉండటం లేదు.

మార్చి 13, గురువారం

రేపు డిశ్చార్జి. తమ్ముడు తన ఊరికి తీసుకెళ్ళిపోతాడట. రెండు గంటల దారి. అక్కడ పక్క వీధిలోనే ఫిజియోథెరపీ చేసే అతను ఉన్నాడట. అక్క సామాను సర్దుకుంటానని ఇవాళ పదకొండింటికి ఇంటికి వచ్చాడు.

పై బెల్లు నొక్కాడు. అది పనిచేయక పదేళ్ళయింది. కాసేపు చూసి తలుపు తట్టాడు.

పోస్టాఫీసులో చేసి రిటైరైన మనిషి. నెమ్మదస్తుడు, మెట్లు కూడా చప్పుడు కాకుండా ఎక్కుతాడు. పై వాటా తలుపు తీసి చూపించాను. మంచం మీద ప్లాస్టిక్ కవరు కూడా తీయలేదు ఇన్నేళ్ళూ. దాని మీద దుమ్ము. చుట్టూ నా నెగటివ్‌ల పెట్టెలు, విరిగిన లైటు స్టాండ్లు. బీరువా తెరిస్తే పాత బ్యాక్‌గ్రౌండ్ తెరలు. ఆయన ఆ ప్లాస్టిక్ మీద వేలు పెట్టి, ఆ వేలు చూసుకున్నాడు.

"బట్టలు కింద ఉన్నాయి. ఇస్త్రీకి తెచ్చాను" అన్నాను. అరవై రెండేళ్ళు వచ్చాయి, అబద్ధం ఆడటం ఇంకా చేతకాలేదు.

కిందకి వచ్చాడు. నా గదిలో మంచానికి అటు పక్క టీచర్ కళ్ళజోడు, చదువుతూ బోర్లా పెట్టిన పుస్తకం, రెండు దిళ్ళు. కళ్ళజోడు ఆయనే తీసుకుని, చొక్కా అంచుతో తుడిచి, జేబులో పెట్టుకున్నాడు. నేను బట్టలు సర్దాను. నాలుగు నైటీలు, స్వెట్టర్లు రెండు, మెత్తటి చెప్పులు. నీలం స్వెట్టర్ నాది, కానీ ఎక్కువ తనే వేసుకుంటుంది కాబట్టి అది కూడా పెట్టేశాను.

గుమ్మం దగ్గర ఆగాడు. సంచి ఈ చేతిలోంచి ఆ చేతికి మార్చుకున్నాడు. "ఇంకేమైనా చెప్పాల్సింది ఉందా అండీ?"

"పై వాటా తాళంచెవి మీకివ్వమంటారా, నా దగ్గర ఉంచమంటారా?" అన్నాను.

కాసేపు నన్ను చూశాడు. "మీ దగ్గరే ఉంచండి" అని మెట్లు దిగిపోయాడు.

ఏం చెప్పాలి నేను? చెబితే ఏమంటాడో? మా అక్కని ఇన్నాళ్ళూ ఇలా చేశారా అంటే? చూడ్డానికి కూడా రానివ్వకపోతే? ఇప్పుడు కనీసం ఓనరుగానైనా వెళ్ళి చూడచ్చు. నేను చేసింది సరైన పనే.

మార్చి 14, శుక్రవారం

పదింటికి అంబులెన్స్ ఎక్కించారు. నేను ఎదురుగా మెడికల్ షాపు మెట్ల మీద నిలబడ్డాను. దొంగకి తేలు కుట్టినట్టు, ఏడవడానికి లేదు. టీచర్ కాళ్ళకి మెత్తటి చెప్పులు లేవు. సాక్సులు వేశారు.

మార్చి 15, శనివారం

రెండు కప్పులు టీ పెట్టాను. ఒకటి పారబోశాను.

మార్చి 17, సోమవారం

పొద్దున్న ఫోన్ చేస్తే మరదలు తీసింది. "పడుకున్నారండీ." మధ్యాహ్నం చేస్తే, "అన్నం పెడుతున్నానండీ." సాయంత్రం చేస్తే, "మీరు కంగారు పడకండి, బాగానే ఉన్నారు. ఇంటి సంగతి ఏమైనా ఉంటే మా ఆయన మీతో మాట్లాడతారు."

ఇంటి సంగతి ఏమీ లేదన్నాను.

మార్చి 20, గురువారం

ఇవాళ స్టూడియో తెరవలేదు. పై వాటాలో కూర్చుని పెట్టెలన్నీ వెతికాను. పదకొండు వేల పైచిలుకు నెగటివ్‌లు. నేనూ టీచరూ కలిసి ఉన్న ఫోటో ఒక్కటంటే ఒక్కటి లేదు.

ఎవరికో చూపించాలని కాదు. ఊరికే చూసుకుందామని.

అలాగని వాటిల్లో టీచర్ లేకపోలేదు. మేడ మీద కిటికీ ఒక్కటే, వెలుతురు చాలదు. తెల్ల దుప్పటి పట్టుకుని ఆ వెలుతురు మనిషి వీపు మీదకి మళ్ళించడం టీచర్ పని. దాదాపు ప్రతి నెగటివ్‌లోనూ ఒక అంచున దుప్పటి, దాన్ని పట్టుకున్న నాలుగు వేళ్ళు. ప్రింటు వేసేటప్పుడు ఆ అంచు కోసేసేదాన్ని. అది ఫోటోలో భాగం కాదు కదా. మొదటి ఏళ్ళలో వేళ్ళు సన్నగా ఉన్నాయి. తర్వాత కణుపులు లావెక్కాయి. చివర్లో చూపుడువేలు కొద్దిగా వంకరపోయింది. అది నేను గమనించలేదు. రోజూ పట్టుకునే వేలే.

స్టూడియోలో నా పనే జంటల్ని పక్కపక్కన కూర్చోబెట్టడం. ఇంకొంచెం దగ్గరగా జరగండి, భుజం మీద చెయ్యి వేయండి, పరాయివాళ్ళలా కూర్చుంటారేంటి అని లక్షసార్లు అని ఉంటాను. టీచర్ అడక్కపోలేదు. అద్దె కాగితం రాసుకున్న రోజుల్లో రెండు మూడుసార్లు అడిగింది. "ఒకటి తీసుకుందామా, ఇద్దరం?" నేను "ఎవరు నొక్కుతారు?" అనేదాన్ని. టైమర్ ఉంది కదా అనేది. అది సరిగ్గా పనిచేయదు అనేదాన్ని.

గ్రూపు ఫోటోలకి పనిచేసేది.

ముఖం కవరు కూడా లేదు మాకు. అందరికీ నియమం పెట్టిన మనిషి తనకి కవరు పెట్టుకోలేదు. అవసరం ఏముంది అన్నాను అప్పుడు, రోజూ చూసుకుంటూనే ఉన్నాం కదా.

మార్చి 23, ఆదివారం

ఎగ్జిబిషన్‌కి నలభై ఒక్క ముఖాలు వచ్చాయి. మిగతావి వీపులే. లైబ్రరీ అమ్మాయి సంతోషంతో గంతులేస్తోంది. "ఇంత ధైర్యం ఎక్కడ నుంచి వచ్చింది మేడమ్ వీళ్ళకి?" అంటుంది.

టైలర్ అలిగి ఉంటాడనుకున్నాను. లేదు. నా కోటు గుండీ ఊడిందని చూసి, విప్పమని, కుడుతూ మాట్లాడాడు.

"వెళ్ళి చెప్పవే."

"ఎవరికి?"

"ఆ తమ్ముడికి."

"పెదవి దాటితే పృథివి దాటుతుంది. నీకు తెలియదా? గుమాస్తా ఏమయ్యాడో మర్చిపోయావా?"

"ముప్ఫై ఒక్క ఏళ్ళయిందే ఆ గుమాస్తా వెళ్ళి. ఆయన ఎక్కడో మనవల్ని ఎత్తుకుని తిరుగుతూ ఉంటాడు. నువ్వింకా ఆయన పేరు చెప్పుకుని బతుకుతున్నావు." దారం పళ్ళతో కొరికాడు. "అసలు నిన్నెవరే కౌంటర్లో అడిగింది? అక్కడ పని చేసే పిల్లేనా?"

"తమ్ముడే అడిగాడు."

ఆయన సూది ఆగింది. "తమ్ముడే అడిగాడా?"

"ఆ."

"ఎలా అడిగాడు?"

గుర్తులేదన్నాను.

మార్చి 24, సోమవారం

ఫోన్ చేశాను. పడుకుందట.

మార్చి 27, గురువారం

రాసేస్తాను. ఎలాగూ ఇది ఎవరూ చదవరు.

వార్డు బయట కౌంటర్ దగ్గర నర్సు కాగితం తోసింది. రోగి తాలూకు మనుషుల పేర్లు రాయాలి. తమ్ముడు తన పేరు రాశాడు. తర్వాత పెన్ను ఎత్తకుండా నా వైపు తిరిగాడు. గొంతులో కోపం లేదు, వెటకారం లేదు. నెమ్మదిగానే అడిగాడు. "మీరు ఏమవుతారని రాయమంటారు?"

నేను "ఇంటి ఓనర్ని" అన్నాను. అడిగీ అడగకముందే అన్నాను. అనవసరంగా గట్టిగా కూడా అన్నాను. నర్సు తల ఎత్తి చూసింది.

పక్కనే స్ట్రెచర్. నా నడుముకి తగులుతూనే ఉంది. టీచర్ కళ్ళు తెరిచే ఉన్నాయి. అప్పటిదాకా నా చున్నీ కొస ఎడమ చేత్తో పట్టుకుని ఉంది. ఇంటి దగ్గర పట్టుకున్నది, అంబులెన్స్‌లో కూడా వదల్లేదు. నేను ఆ మాట అన్నాక వదిలేసింది.

వదిలేసిందో, పట్టు జారిందో. ఒంట్లో సత్తువ లేని మనిషి.

మార్చి 30, ఆదివారం

ఎగ్జిబిషన్ మొదలైంది. లైబ్రరీ కింది హాలు పట్టలేదు జనం. తలుపుకి ఎదురుగా గోడంత మహారాణి. అసలు మహారాణి దాని కింద కుర్చీ వేసుకుని కూర్చుని, వచ్చిన వాళ్ళందరికీ "అది నేనే" అని చెబుతోంది. ఎవరైనా నమ్మకపోతే లేచి అదే భంగిమలో నిలబడి చూపిస్తోంది. ఒక అబ్బాయి వాళ్ళ అమ్మని తీసుకొచ్చాడు. ఆ అమ్మ ఫోటోలన్నీ చూసి, చివర్లో కొడుకు చెయ్యి పట్టుకుంది. నేను చూస్తూనే ఉన్నాను. కెమెరా తేవడం మర్చిపోయాను.

లైబ్రరీ అమ్మాయి మైకు పట్టుకుంది. పాపం బాగా రాసుకొచ్చింది. "తను ఈ లోకానికి బయటి మనిషి అయి ఉండి కూడా, ముప్ఫై నాలుగేళ్ళు వీళ్ళ నమ్మకాన్ని కాపాడిన ఫోటోగ్రాఫర్..." అని, మైకు నా చేతికిచ్చింది.

హాలంతా నా వైపు చూస్తోంది. నలభై ఒక్క ముఖాలు గోడల మీద నుంచి కూడా.

"థాంక్స్ అండీ అందరికీ" అన్నాను. చప్పట్లు కొట్టారు.

టైలర్ లేచి, చేతికర్ర తీసుకుని, టీ ఇవ్వకముందే వెళ్ళిపోయాడు. మహారాణి వచ్చి నా వీపు నిమిరింది. "పోనీలే అక్కా" అంది. ఏమైనా తిట్టి ఉంటే బాగుండేది.

మార్చి 31, సోమవారం

రేపు కాదు, ఎల్లుండి వెళ్తాను. రేపు స్టూడియోకి తెర మార్చేవాళ్ళు వస్తామన్నారు.

ఏప్రిల్ 1, మంగళవారం

తెర వాళ్ళు రాలేదు.

ఏప్రిల్ 2, బుధవారం

వెళ్ళాను. ఎనిమిదింటి బస్సు. దారంతా వాక్యం వల్లించుకుంటూనే ఉన్నాను. ఎన్ని రకాలుగా చెప్పుకున్నా కుదరలేదు. పక్క సీటు ఆవిడ నా పెదవులు కదలడం చూసి జపం చేసుకుంటున్నాననుకుంది.

తమ్ముడు గేటు దగ్గర మొక్కలకి నీళ్ళు పోస్తున్నాడు. చెప్పులు కూడా విప్పలేదు, గేటు కూడా దాటలేదు, అక్కడే అనేశాను.

"నేను ఓనర్ని కానండీ."

పైపు నీళ్ళు ఆయన కాళ్ళ మీద పడుతున్నాయి. వెళ్ళి కుళాయి కట్టేసి వచ్చాడు.

"తెలుసండీ" అన్నాడు.

"కాదు, మీకు తెలిసింది వేరు. నేనూ మీ అక్కా..."

"తెలుసండీ. పాతికేళ్ళ నుంచి తెలుసు. మా అమ్మ కూడా తెలుసుకునే పోయింది. అక్క రాసిన ఉత్తరాల్లో మీ జలుబూ, మీ మోకాలి నొప్పీ లేని ఉత్తరం లేదు. ఓనరు మోకాళ్ళ గురించి ఎవరు రాస్తారండీ?" చేతులు తువ్వాలుకి తుడుచుకున్నాడు. "మొదట్లో నాకు కోపమే. దాచుకోను. మీ ఇంటికి రావడం మానేసింది కూడా అందుకే. తర్వాత తర్వాత ఆ కోపం పట్టుకుని తిరిగే ఓపిక పోయింది."

"మరి ఒక్కసారైనా నన్ను అడగలేదేం?"

"అడిగాను కదండీ. రెండుసార్లు."

నేను గేటు పట్టుకున్నాను.

"ఆ కాగితంలో నా పేరు కింద ఇంకో గీత ఖాళీగా ఉంది. అక్కడ మీ పేరు రాద్దామనే పెన్ను ఎత్తకుండా నిలబడ్డాను. మీరు ఓనర్నన్నారు. మంచాన పడ్డ మనిషిని చూసుకోవడం అందరికీ చేతకాదు, చేతులు దులుపుకుంటున్నారు కాబోలు అనుకున్నాను. తప్పని కూడా అనుకోలేదు. మళ్ళీ ఇంటికొచ్చి, ఆ గది చూసి, ఇంకేమైనా చెప్పాలా అన్నాను. మీరు తాళంచెవి సంగతి మాట్లాడారు. మీకు అక్కర్లేదనుకున్నాం. అక్కతో కూడా అదే చెప్పాను."

"ఏం చెప్పారు?"

"ఆవిడకి ఇష్టం లేనట్టుంది, మన ఇంటికి వెళ్ళిపోదాం అక్కా అని."

ఆయన ఎక్కడా గొంతు పెంచలేదు. పెంచి ఉంటే నేనూ ఏదో ఒకటి అనేదాన్ని.

"ఇప్పుడు తీసుకెళ్తానండీ" అన్నాను. "స్టూడియో మూసేస్తాను. మనిషిని పెట్టుకుంటాను. ఆ ఫిజియోథెరపీ అక్కడ కూడా ఉంటుంది కదా."

"నన్నడిగితే ఎలా? అక్కని అడగండి."

టీచర్ ముందు గదిలో, కిటికీ పక్క మంచం మీద ఉంది. జుట్టు కత్తిరించారు. నీలం స్వెట్టర్ వేసుకుని ఉంది. మరదలు పక్కకి జరిగి చోటిచ్చింది. "మాట ఇంకా రాలేదు కానీ అన్నీ చెబుతారండీ మా వదిన. అవునంటే ఎడమ చేతి వేలు ఎత్తుతారు. కాదంటే కళ్ళు మూసుకుంటారు. చూడండి. వదినా, నీళ్ళు కావాలా?" వేలు లేచింది. గ్లాసు పెట్టి తాగించింది. "రేడియో పెట్టనా?" టీచర్ కళ్ళు మూసుకుని తెరిచింది. "మా వదినకి రేడియో అంటే పడదు" అని మరదలు నవ్వింది. నాకు తెలుసు.

ఈసారి కూర్చున్నాను. ఎడమ చెయ్యి నా రెండు చేతుల్లోకి తీసుకున్నాను. వాళ్ళిద్దరూ చూస్తూనే ఉన్నారు.

"నువ్వు విన్నావు కదా, ఆ రోజు" అన్నాను. 'నువ్వు' అని నలుగురిలో అనడం ఇదే మొదలు. మరదలు తల తిప్పి చూసింది. "నాకు భయమేసింది. అంతకన్నా ఏమీ లేదు. ముప్ఫై ఒక్క ఏళ్ళ అలవాటు, నోటికి అదే వచ్చింది. ఇప్పుడు మీ తమ్ముడికి చెప్పాను. గేటు దగ్గర నిలబడి చెప్పాను. వీధిలో వాళ్ళకి కూడా వినపడి ఉంటుంది."

టీచర్ నా వైపు తల తిప్పింది. మెడ బాగానే తిరుగుతోంది.

"మన ఇంటికి వెళ్దాం. వస్తావా?"

నన్ను చాలాసేపు చూసింది. పిల్లలు తప్పు చదివినప్పుడు సరిదిద్దుకుంటారేమో అని ఎదురు చూసే చూపు అది. నా చేతుల్లో ఆవిడ చెయ్యి వెచ్చగా ఉంది. వేలు లేవలేదు. కళ్ళు మూసుకుంది.

నేను ఆగాను. తెరవలేదు. అయిదు నిమిషాలు, పది నిమిషాలు. తమ్ముడు వసారాలోకి వెళ్ళిపోయాడు.

"పొద్దున్నే ఎక్సర్‌సైజులు చేయించారండీ, బాగా అలిసిపోయారు" అంది మరదలు, నా మొహం కేసి చూడకుండా.

అలిసిపోయే ఉంటుంది. ఒళ్ళు అలిసిన మనిషి కళ్ళు మూసుకోకుండా ఏం చేస్తుంది? నేను వెళ్ళిన వేళే బాగా లేదు. రేపు ఆరింటి బస్సుకి వెళ్తాను. ఎక్సర్‌సైజులు మొదలవకముందే అడగాలి.